పన్నెండు గంటల సైరన్

ముందే ఒప్పుకుంటున్నాను, తప్పు నాదే. మక్సూదాది కాదు, గనిది అసలే కాదు. ఏప్రిల్ నెలలో ఒక గురువారం మిట్టమధ్యాహ్నం మా బూరుగుపల్లెలో ఇంటింటా పొయ్యి ఆరిపోవడానికీ, మేకలూ ముసలివాళ్ళూ పసిపిల్లలూ బడి మైదానానికి ఉరికి రావడానికీ, మూడొందల మంది నడినెత్తిన ఎండ పెట్టుకుని గని వైపు చూస్తూ నిలబడటానికీ కారణం ఈ జమునే. అయితే అదే తప్పు మళ్ళీ చేస్తావా అని మాత్రం నన్ను అడగకండి. నా నోరు అసలే మంచిది కాదు, నిజం చెప్పేస్తుంది.

మా ఊరు గోదావరిఖని నుంచి ఆటోలో అరగంట. ఊరి వెనక కంచె, కంచె వెనక మట్టి గుట్టలు, గుట్టల వెనక ఓపెన్‌కాస్టు గని. రోజూ మధ్యాహ్నం రెండున్నరకు అక్కడ బ్లాస్టింగ్ చేస్తారు. దానికి ముందు సైరన్ మూడుసార్లు కూస్తుంది. పేలుడు అదురుకు గోడలు మీద పడతాయేమోనని, కూసిందంటే ఊళ్ళో ఎవరూ ఇంట్లో ఉండకూడదు. పొయ్యి ఆర్పాలి, పిల్లల్ని పట్టుకోవాలి, తలుపులు బార్లా తెరిచిపెట్టి బడి మైదానానికి నడవాలి. తలుపులు ఎందుకు తెరవాలంటే, మూసి ఉంటే ఆ అదురుకు బిగుసుకుపోయి మళ్ళీ తెరుచుకోవు. ముద్ద నోట్లో ఉన్నా లేవాల్సిందే. పదేళ్ళకు పైగా ఇదే అలవాటు. మా ఊరి పిల్లలు నడక నేర్చిన నెలలోనే సైరన్‌కు ఉరకడం కూడా నేర్చుకుంటారు. అరగంటకు పొడుగ్గా ఇంకో కూత వస్తుంది. అప్పుడు మళ్ళీ ఇళ్ళకు.

ఆ అరగంట మైదానంలో కూర్చునేది ఎవరనుకున్నారు? ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. మగవాళ్ళలో సగం మంది డ్యూటీలో ఉంటారు. మిగిలిన సగం బండి కిక్కు కొట్టి రోడ్డు మీది చాయ్ హోటల్‌కు పోతారు. అక్కడ నీడుంది, ఫ్యానుంది, మిర్చి బజ్జీ కూడా ఉంది. మైదానంలో ఒక్క చెట్టు లేదు, ఒక్క రేకు లేదు, చుక్క నీళ్ళు లేవు. ఆడమనిషికి అవసరమొస్తే పోవడానికి మరుగు లేదు.

మా అత్త లింగవ్వకు డెబ్భై ఆరేళ్ళు. మార్చి నెలాఖరున ఆ మైదానంలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయి రెండు సెలైన్లు ఎక్కించాం. నేను మంచం పక్కన కూర్చుని ఏడుస్తున్నాను. ఆమె కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "నా మేకేదే?" ఏడుస్తున్న నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒట్టు పెట్టుకున్నాను. మళ్ళీ ఎండాకాలం వచ్చేలోపు ఆ మైదానంలో షెడ్డు పడాలి. పడకపోతే నా పేరు జమున కాదు.

అంత గట్టిగా ఒట్టు పెట్టుకోవడానికి నాకున్న ధైర్యం ఒక్కటే, రేడియో. పాత బడి భవనంలో ఒక గదిలో మా మహిళా సంఘాలు నడుపుకునే రేడియో, పేరు 'మన ముచ్చట'. గోడలకు గుడ్ల అట్టలు అంటించాం, గొంతు మారుమోగకుండా. చుట్టుపక్కల పది ఊళ్ళకు వినిపిస్తుంది. నేను గదిలో మాట్లాడతాను, మక్సూదా అద్దం అవతల మీటలు చూసుకుంటుంది. వాళ్ళ నాన్నకు గోదావరిఖనిలో మోటార్లు చుట్టే దుకాణం ఉంది. వైర్ల మధ్యే పెరిగింది కాబట్టి ఇరవై రెండేళ్ళకే ఆ పిల్లకు రాని పని లేదు. పంచాయతీ మైకుకు ఒక రేడియో సెట్టు బిగించింది కూడా ఆమే. పన్నెండు గంటలకు, మళ్ళీ సాయంత్రం ఆరుకు మా ప్రసారం మొదలైందంటే ఊరి నాలుగు మూలలా స్తంభాల మీది మైకుల్లో నా గొంతే. చెవులు మూసుకున్నా తప్పించుకోలేరు.

ఇక మా సర్పంచి సంధ్యారాణి. మొన్నటి ఎన్నికల్లో సీటు ఆడవాళ్ళకు రిజర్వయింది. పేరు ఆమెది, పెత్తనం ఆమె మొగుడు మొగిలిది. మొగిలి గనిలో నైట్ షిఫ్టు చేస్తాడు, పగలు సర్పంచ్‌గిరీ చేస్తాడు. ఎప్పుడు పడుకుంటాడో దేవుడికే తెలియాలి. చెడ్డవాడు కాదు. ఊళ్ళో చావైనా పెళ్ళైనా ముందుండే మనిషి. కాకపోతే సర్పంచి పదవంటే తన మోటారు సైకిల్ అనుకుంటాడు. నడిపేది తను, పెళ్ళాం వెనక కూర్చుంటే చాలు. కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపిస్తాడు, ఆమె పెడుతుంది.

గని చుట్టుపక్కల ఊళ్ళకు ఇచ్చే నిధి కింద ఈ ఏడాది మా ఊరికి ఒక పని వచ్చింది. ఒక్కటే. ఏ పని అన్నది గ్రామసభ తీర్మానించాలి. మొగిలీ అతని దోస్తులూ కమాన్ కట్టిద్దామన్నారు. ఊరి మొదట్లో రెండు స్తంభాలు, పైన రంగురంగుల పూలు, 'బూరుగుపల్లెకు స్వాగతం' అని పెద్దపెద్ద అక్షరాలు, కింద సర్పంచి పేరు.

"పక్క ఊరికి ఉన్నది జమునక్కా, మనకు లేకపాయె. ఊరి ఇజ్జత్ ముచ్చట ఇది" అన్నాడు నాతో.

వచ్చేవాడికి స్వాగతం సరే, ఉన్నవాడికి నీడేదిరా నాయనా అని నేను ఆ సాయంత్రమే రేడియోలో అడిగేశాను. అప్పట్నుంచి మూడు వారాల పాటు మా 'మన ముచ్చట'లో ఇదే ముచ్చట. మొదట్లో ఆడవాళ్ళు మైకు చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. పది రోజులు పోయాక మైకు నా చేతిలోంచి లాక్కోవడం మొదలుపెట్టారు. నాకెంత సంబరమో!

అసలు మా ఊళ్ళో గ్రామసభ అంటే ఏమిటో చెప్పాలి. పదిపన్నెండు మంది మగవాళ్ళు పంచాయతీ హాల్లో చాయ్ తాగి లేస్తారు. తర్వాత పంచాయతీ మనిషి రిజిస్టర్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు. ఆడవాళ్ళు పిండి చేత్తోనో పేడ చేత్తోనో వచ్చి సంతకమో వేలిముద్రో వేస్తారు. దేని మీద అని అడిగేవాళ్ళు లేరు. నేనూ ఏళ్ళ తరబడి అలాగే వేశాను, బుద్ధి గడ్డి తిని. అందుకే రేడియోలో రోజూ ఒకటే పాట పాడాను. రిజిస్టర్ ఇంటికొస్తే గడప దగ్గరే ఆపండి, సంతకం కావాలంటే సభకు పిలవమనండి.

ఆ రోజుల్లోనే సాయంత్రం పూట ఒక ఫోను వచ్చేది. పేరు చెప్పేది కాదు, గొంతు తగ్గించి అడిగేది.

"అక్కా, గ్రామసభకు అధ్యక్షత సర్పంచే వహించాల్నా, ఇంట్ల వేరేవాళ్ళు వహించొచ్చా?"

ఇంకో రోజు, "సర్పంచి చదవకుంట సంతకం పెడితే చెల్లుతదా అక్కా?"

ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టలేనంత చెవిటిదాన్ని కాను. తెలియనట్టే ఊరుకుని, రిటైరైన ఒక పంచాయతీ అధికారిని అడిగి తెలుసుకుని, మర్నాడు రేడియోలో జవాబు చెప్పేదాన్ని. సర్పంచే కూర్చోవాలి, లేకపోతే ఉపసర్పంచి. మొగుడికి ఆ కుర్చీలో ఏ హక్కూ లేదు. మక్సూదా అద్దం అవతల ముసిముసిగా నవ్వేది.

గురువారం మూడు గంటలకు గ్రామసభ అని తేలింది. బ్లాస్టింగ్ అయ్యాక ఎలాగూ అందరం మైదానంలోనే ఉంటాం, అక్కడినుంచి నాలుగడుగులు వేస్తే పంచాయతీ హాలు. అందుకే ఆ టైము అడిగి పెట్టించుకున్నాం. మంగళవారం మధ్యాహ్నం డప్పు కొడుతూ సదయ్య కాక ఊరంతా చాటింపు వేశాడు. నేను వెంట తిరిగి ఆ చాటింపును ఫోన్లో రికార్డు చేశాను. అది పూర్తయ్యేసరికి రెండున్నర అయింది, సైరన్ కూసింది. మైదానం ముచ్చట చెప్పేటప్పుడు పనికొస్తుందని దాన్ని కూడా రికార్డు చేశాను. ఆ ముక్క ఇక్కడ గుర్తు పెట్టుకోండి. నేను మాత్రం మరిచిపోయాను.

గురువారం పన్నెండుకు పాటలు మొదలుపెట్టాం. ఉపాధి పనికి పోయిన ఆడవాళ్ళంతా ఇళ్ళకు తిరిగొచ్చి వంటల్లో ఉన్నారు. పన్నెండూ పదికి నా ఫోను మోగింది.

"అక్కా, నేను సంధ్యను." మొదటిసారి పేరు చెప్పింది. గొంతు వణుకుతోంది. "పంచాయతీల ఉన్న. సభ షురూ చేసిండ్రు."

"ఏం సభ?"

"గ్రామసభనే అక్కా. కిషన్ సారుకు మూడు గంటలకు పెద్దపల్లిల మీటింగు ఉన్నదట. గందుకని గిప్పుడే కానిద్దామన్నడు మా ఆయన. తీర్మానం గూడ రాసుడైంది. కమాన్ అని రాసిండ్రు. నా సంతకం ఒక్కటే తక్కువ. ఇంకెంతసేపు ఆపుత..."

ఫోను కట్టయింది. కిషన్ సారంటే మా పంచాయతీ కార్యదర్శి. నా ఒళ్ళంతా మండిపోయింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, మూడింటికని చాటి పన్నెండింటికి కానిచ్చేస్తారా! ఆ సంతకం పడితే షెడ్డు పోయినట్టే. మా అత్త మళ్ళీ ఆ ఎండలోనే.

"మక్సూదా! పాట ఆపు! చాటింపు ఎయ్యి జల్ది, దాని ఎనకనే నేను మాట్లాడుత!" అని తలుపు తీసి అరిచాను.

"ఏ చాటింపు అక్కా? నీ ఫోన్ల నుంచి ఎక్కించినయన్ని నెంబర్లే ఉన్నయి. పేర్లు లేవు."

"మంగళవారంది! ఆఖరుది!"

మంగళవారం ఆఖరుది సైరన్. డప్పు దానికి ముందుది. ఆ కంగారులో నాకు తట్టలేదు. తలుపు మూసి, తల దించుకుని ఏం మాట్లాడాలో చీటీ మీద గీస్తున్నాను. చెవులకు హెడ్‌ఫోను లేదు, గుడ్ల అట్టల గదిలోకి బయటి చప్పుడు రాదు. తలెత్తి చూసేసరికి అద్దం అవతల మక్సూదా రెండు చేతులూ ఊపుతోంది. ముఖం పాలిపోయింది. హెడ్‌ఫోను లాగి చెవికి పెట్టుకున్నాను. రెండో కూత సగంలో ఉంది.

"ఆపు! ఆపు!"

ఆపింది. ఏం లాభం? మా ఊళ్ళో మూడో కూత దాకా ఆగేవాళ్ళు ఎవరూ లేరు. మైకులో నోరు పెట్టి, "భయపడకండి, ఇది రేడియో, ఇది గని సైరన్ కాదు" అని మూడుసార్లు చెప్పాను. ఇళ్ళల్లోంచి ఉరికేవాళ్ళకు ఆ గోలలో ఏం వినపడుతుంది? హెడ్‌ఫోను అవతల పారేసి కాళ్ళకు బుద్ధి చెప్పాను.

బయటికొస్తే, అబ్బ, ఏం చెప్పను! మూడు వాడలనుంచీ జనం. ఒకామె చేతిలో పిండి ముద్ద అలాగే ఉంది. ఒకామె తల మీద షాంపూ నురగ. పిల్లల్ని చంకనెత్తుకున్నవాళ్ళు, మంచం మీద అత్తను మోసుకొస్తున్న ఇద్దరు తోడికోడళ్ళు. మా అత్త లింగవ్వ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మేక తాడు పట్టుకుని అందరికంటే ముందుంది. "ఇయ్యాల గింత జల్దేందే?" అని అందరూ ఒకరినొకరు అడుగుతున్నారు. అటువైపు పంచాయతీ హాలు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. లోపలున్న పన్నెండు మంది మగవాళ్ళూ బయటికి ఉరికారు. అలవాటు ఎవరినీ వదలదు. కిషన్ సారు రిజిస్టర్ చంకలో పెట్టుకుని మరీ వచ్చాడు. మొగిలి బండి తాళం చేతిలో పట్టుకున్నాడు. కానీ బండి ఎలా కదులుతుంది? మైదానం గేటు నిండా ఆడవాళ్ళు, మేకలు, మంచాలు. రోడ్డు మీది చాయ్ హోటల్‌కు పోయే దారి ఆ పూట వాళ్ళకు దొరకలేదు.

సంధ్యారాణి హాలు మెట్ల మీద నిలబడి ఉంది. నేను రొప్పుతూ పోయి ఆమె చెవిలో నిజం చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. అబద్ధపు సైరన్ అంటే మాటలా? నాన్నా పులి కథలా రేపు నిజం సైరన్ కూస్తే ఎవరూ కదలకపోతే ఆ పాపం నాది కాదా?

మొగిలికి కూడా అది వినపడింది. "నీ రేడియో పాడుగాను జమునక్కా! పానం పోయినంత పనాయె. సంధ్యా, మైకు ఇటియ్యి. అందరినీ ఇంటికి పంపిస్త."

సంధ్యారాణి చేతిలో పంచాయతీ మైకు ఉంది. హాల్లోంచి వచ్చేటప్పుడు వైరుతో సహా పట్టుకొచ్చింది. మొగుడి వైపు చూసింది, మైదానం వైపు చూసింది. ఇప్పుడు ఆమె నోరు మూసుకుని ఉంటే చాలు, సైరన్ అనుకుని జనం అరగంట కదలరు. ఆలోగా సభ జరిపేసుకోవచ్చు. ఆ సంగతి నాకు తట్టింది, ఆమెకూ తట్టే ఉంటుంది.

ఆమె మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"అందరికి దండం. గిప్పుడు కూసింది గని సైరన్ కాదు. రేడియోల పొరపాటున వచ్చింది. బ్లాస్టింగు ఎప్పటిలెక్కనే రెండున్నరకు. భయం లేదు. ఇంటికి పోయేటోళ్ళు పోవచ్చు."

అయిపోయింది అనుకున్నాను. చేతికొచ్చిన పంట వరదపాలు చేస్తోంది ఈ పిచ్చిది! జనంలో గోల లేచింది. నలుగురు వెనక్కి తిరిగారు కూడా. కానీ ఆమె మైకు దించలేదు.

"ఒక్క మాట ఇని పోండ్రి. గ్రామసభ మూడు గంటలకని డప్పు కొట్టించినం. పన్నెండింటికే లోపల షురూ చేసినం. గది గూడ పొరపాటే. రేడియోది కాదు, నాది. కుర్చీల కూసున్నది నేను గద! గా సభ చెల్లది. ఉండేటోళ్ళు ఉంటే అసలు సభ గిప్పుడు, గీ మైదానంల పెడ్త."

"సంధ్యా!" అన్నాడు మొగిలి. "ఏం మాట్లాడుతున్నవ్? లోపలికి రా. నేను చెప్త వాళ్ళకు."

"గ్రామసభకు అధ్యక్షత సర్పంచిది. సర్పంచి మొగునిదని యాడ లేదు." ఆమె గొంతు ఇంకా వణుకుతూనే ఉంది, కానీ మైకులో ఊరంతా వినిపిస్తోంది. "రేడియోల విన్న."

మక్సూదా నా వెనకనుంచి ఈల వేసింది. నిజంగా వేసింది, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని!

కానీ ఎవరూ కూర్చోలేదు. ఎలా కూర్చుంటారు? నేల పెనంలా కాలుతోంది, పొయ్యి మీద అన్నాలు సగం ఉడికి ఉన్నాయి. అందరూ అందరి ముఖాలూ చూసుకుంటున్నారు. అప్పుడు మా అత్త లింగవ్వ కర్ర కింద పెట్టి, మేకను పక్కకు లాగి, కొంగు పరుచుకుని ఆ కాలే నేల మీద కూలబడింది.

"నా అన్నం గూడ పొయ్యి మీదనే ఉన్నది. ఉడకకపోతే ఉడకకపాయె. గీ ఎండల కూసునుడు మనకు కొత్తనా? రోజు ఊకె కూసుంటున్నం. ఇయ్యాల పనికి కూసుందాం" అంది.

ఆమె పక్కన ఒకామె కూర్చుంది. తల మీద నురగున్నామె కూర్చుంది. వెనక్కి తిరిగిన నలుగురూ మళ్ళీ వచ్చారు. నా కళ్ళ ముందే మైదానం మైదానమంతా కూర్చుంది. నేను ఎగిరి గంతేశాను, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, సిగ్గు లేకుండా.

కిషన్ సారు గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఎండ మస్తుగున్నది. ఓ పది మంది పెద్దమనుషులు హాల్లకొస్తే నీడల మాట్లాడుకోవచ్చు. మిగతావాళ్ళు..."

"లేదు సార్. గీడ కూసునేటోళ్ళ ముచ్చట గీడనే తేలాలె. మీరు గూడ రాండ్రి. అన్నలు, కాకలు, అందరు రాండ్రి. కుర్చీలు తేవద్దు." ఆమె చేతి గడియారం చూసుకుంది. "బ్లాస్టింగప్పుడు మేం అరగంట కూసుంటం. మీరెన్నడు కూసోలేదు. గా అరగంట అందరం కూసుందాం. అటెనుక చేతులెత్తుదాం, కమానా షెడ్డా అని."

తప్పించుకునే దారి లేదు. మూడొందల మంది ఆడవాళ్ళూ పిల్లలూ చూస్తుంటే ఎండకు భయపడ్డామని ఏ మగవాడు చెప్పుకుంటాడు? పన్నెండు మందీ వచ్చి కూర్చున్నారు. కిషన్ సారు రిజిస్టర్ నెత్తి మీద పెట్టుకున్నాడు. ఐదు నిమిషాలకు అటూ ఇటూ కదలడం మొదలైంది. ఎనిమిది నిమిషాలకు ఒకాయన తువ్వాల తడిసిపోయింది. పన్నెండో నిమిషంలో మొగిలి మా అత్త వైపు తిరిగాడు.

"అవ్వా, జర మంచినీళ్ళు ఉన్నయా?"

"యాడియి బిడ్డా? నల్లా లేదు గద గీడ" అంది మా అత్త, ఎంతో ప్రేమగా.

నవ్వు ఆగలేదు మాకు. ఆ నవ్వుకు మొగిలి దోస్తు ఒకడికి పౌరుషం వచ్చింది. "నవ్వుండ్రి నవ్వుండ్రి. కమాన్ ఉంటే ఊరికి ఇజ్జత్ ఉంటది. షెడ్డుకేం ఇజ్జతుంటది?"

జవాబు నేనే చెప్పబోయాను. కానీ నా వెనకనుంచి మక్సూదా ముందుకు వచ్చింది. ఎప్పుడూ అద్దం అవతలే ఉండే పిల్ల, సంధ్యారాణి చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఇజ్జత్ అన్నవ్ గద అన్నా, నేనొకటడుగుత. అరగంట గీడ కూసున్నప్పుడు మాకు అవసరమొస్తే ఎటు వోవాలె? ఆ మట్టి గుట్టల మీద టిప్పర్లు నిలవడి ఉంటయి. డ్రైవర్లు సూస్తుంటరు. నెలల మూడు రోజులు నేను పొద్దుగాల నుంచి నీళ్ళు తాగకుంట ఉంట. నేనొక్కదాన్నే కాదు, గీడున్న ఆడపిల్లలందరు గంతే. గది ఊరి ఇజ్జత్ కాదా?"

ప్రశ్న అడిగినవాడు తల దించుకున్నాడు. వాడి చెల్లెలు మక్సూదా వయసుదే, వాడి ఎదురుగానే కూర్చుని ఉంది.

అరగంట అయింది. కమాన్ కావాలన్నవాళ్ళు చేతులెత్తమంది సంధ్యారాణి. తొమ్మిది చేతులు లేచాయి. అందులో ఆ దోస్తు చెయ్యి సగందాకా లేచి దిగిపోయింది. షెడ్డు కావాలన్నవాళ్ళు అనగానే, గాజుల చప్పుడే చప్పుడు! మైదానమంతా చేతులు. చెమటలు కక్కుతున్న కిషన్ సారు కూడా చెయ్యెత్తేశాడు.

"సార్, మీ ఓటు పెద్దపల్లిల ఉన్నది" అంది సంధ్యారాణి. అందరం పడీపడీ నవ్వాం.

పెద్దపల్లి మీటింగుకు ఆయన పోనే లేదు. ఫోన్లో ఏదో సర్ది చెప్పుకుని పాత తీర్మానం కొట్టేసి కొత్తది రాశాడు. రేకుల షెడ్డు, రెండు మరుగుదొడ్లు, ఒక నల్లా. మంచం మీద రిజిస్టర్ పెట్టుకుని సంతకాలు మొదలయ్యాయి. ఇంటింటికీ తిరిగే రిజిస్టర్ దగ్గరికి ఊరే వరుస కట్టింది. వంతులు వేసుకుని ఇళ్ళకు పోయి పొయ్యిలు చూసుకుని మళ్ళీ వచ్చి నిలబడ్డారు. చివరకు సర్పంచి వంతు వచ్చింది. మొగిలి అలవాటు కొద్దీ వంగి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టాడు. సంధ్యారాణి ఆ వేలిని పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది. మొదటినుంచీ చివరిదాకా గట్టిగా చదివింది. ఒకచోట 'నల్లా' రాయడం మరిచిపోయారని రాయించింది. అప్పుడు పెట్టింది సంతకం, పూర్తి పేరుతో.

సరిగ్గా అప్పుడే సైరన్ కూసింది. ఈసారి నిజం గని సైరన్. ఇళ్ళకు పోయినవాళ్ళు ఇదీ రేడియోనే అనుకుంటే? వాడల వైపు చూశాను. మొదటి కూత ఆగకముందే వస్తున్నారు. అందరూ వచ్చారు, పొయ్యిలార్పి, తలుపులు తెరిచిపెట్టి. నేను ఆ నేల మీదే కూలబడి దండం పెట్టుకున్నాను.

గేటు ఖాళీగానే ఉంది. మొగిలి చెయ్యి జేబులోని తాళం మీదికి పోయింది. బండి దాకా నడిచాడు. మా అత్త తన పక్కన నేల మీద అరచేత్తో తట్టింది.

"కూసో బిడ్డా. ఇంకో అరగంటనే గద."

అతను తాళం చేతిలో ఒకసారి తిప్పాడు. తర్వాత తాళం జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నాడు. మా అత్త పక్కన కాదు, పెళ్ళాం పక్కన. భూమి అదిరింది. గుట్టల మీదుగా దుమ్ము లేచి వచ్చి అందరి నెత్తిన పడింది. పిల్లలు ఏడ్చారు. సంధ్యారాణి కొంగు తీసి పక్కింటి పసివాడి ముఖం మీద కప్పింది. మొగిలి ఆమెనే చూస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు ఉన్న గని మనిషి, బ్లాస్టింగ్ అతనికి కొత్త కాదు. కానీ దాన్ని ఇటువైపునుంచి చూడటం అదే మొదటిసారి.

పొడుగు కూత వచ్చాక ముఖం మీది దుమ్ము తుడుచుకుని అడిగాడు. "సర్పంచ్ గారూ, షెడ్డు పని ఎప్పుడు షురూ చేద్దామంటరు?"

వెటకారమో నిజమో నాకు తెలియదు. 'గారూ' అన్నాడు, అంతే నాకు తెలిసింది. సంధ్యారాణి మాత్రం నవ్వకుండా, "సోమవారం కొలతలు తీసుకుందాం. మీకు డ్యూటీ లేకుంటే రాండ్రి" అంది.

సభ మొదలైనప్పట్నుంచీ నా ఫోన్లో రికార్డు నడుస్తూనే ఉంది. ఆ ముక్క మొత్తం రికార్డయింది.

ఆ సాయంత్రం ఆరు గంటల ప్రసారంలో ముందు తప్పు ఒప్పుకున్నాను. ఇక మీదట మా రేడియోలో సైరన్ చప్పుడు ఎప్పుడూ వినిపించదని పది ఊళ్ళకూ మాటిచ్చి, ఆ సైరన్ రికార్డును మక్సూదా చేత తీయించేశాను. ఆ తర్వాత మొగిలి అడిగిన మాట వేశాను, దానికి సర్పంచి ఇచ్చిన జవాబు వేశాను. వేసేముందు నెంబరు మూడుసార్లు చూసుకున్నాను. ఎందుకైనా మంచిదని రెండుసార్లు వేశాను.